ఎప్పుడూ సున్నాయే

పదిహేడోది లేదు. అసలు ఏనాడూ లేదు. తొమ్మిదీ ఐదుకి బస్సు టాస్మన్ వంతెన మొదట్లో ఎర్రదీపం ముందు ఆగిపోయేసరికి మెరన్ ఓల్డకర్ ఆ ఉత్తరాన్ని నాలుగోసారి చదువుతోంది. తబ్రీజ్ నుంచి ముక్కూమొహం తెలియని కుర్రవాడెవరో రాసిన నాలుగు వాక్యాలు. మూడు వాక్యాల నిండా మర్యాదలే. నాలుగోది కత్తి. మీ పట్టికలో పదిహేడో వరుసలో ఉన్నది లీ సూపర్ ఆల్జీబ్రా కాదు, దయచేసి సరిచూసుకోగలరు. సరిచూసుకుంది. అర నిమిషం పట్టలేదు. బస్ టికెట్ వెనక పెన్సిల్‌తో రెండు గీతలు గీసేసరికి పదిహేడోది చేతిలో బూడిదైపోయింది. మూడేళ్ల పని, నాలుగు కొలతల దాకా ఉన్న సూపర్ ఆల్జీబ్రాలన్నిటినీ ఒక్కటీ వదలకుండా, ఒక్కటీ రెండుసార్లు రాకుండా లెక్కతేల్చామని ఆమే, ఆమె గురువు గ్రేమ్ పాస్కో కలిసి అచ్చువేయించిన పట్టిక, దాని మధ్యలో లేనిదొకటి ఉన్నట్టు కూర్చుని ఉంది. అది సరే. తప్పేమిటో తెలిసిపోయింది. తెలియనిది ఎవరన్నది. పదింటికి సమావేశం. పదింటికి గ్రేమ్ రాసిన దిద్దుబాటు లేఖ మీద విభాగాధిపతి సంతకం పడుతుంది, అందులో మూడో వాక్యం ఇలా ఉంది: పట్టికను ఎక్కించడంలో పరిశోధక విద్యార్థిని చేసిన పొరపాటు వల్ల. విద్యార్థిని అంటే లూసియా వాకే. ఒక్కతే ఉంది వాళ్ల దగ్గర. లోకంలో ఈ పట్టిక చదివే రెండొందల మందికీ అది ఎవరో తెలుస్తుంది. ఆ రెండొందల మందిలో ఇద్దరు సువా విశ్వవిద్యాలయంలో ఉన్నారు, సోమవారం లూసియాకి ఉద్యోగం ఇస్తామన్న ఇద్దరూ వాళ్లే.

"ఓడ వెళ్తోందమ్మా, ఓడ!" డ్రైవర్ వెనక్కి తిరక్కుండానే అరిచాడు. "దిగి తోసినా కదలదు, కూర్చోండి!"

"ఓడకి మనం ఆగడమేంటయ్యా, దానికి నది లేదూ?" వెనక సీట్లోంచి ఒక ముసలాయన.

"డెబ్బై అయిదులో ఆగలేదు కదా తాతా, ఏమైందో నీకు తెలీదూ?"

ముసలాయన నోరు మూశాడు. ఈ ఊళ్లో ఆ మాటకి ఎవరైనా నోరు మూస్తారు. ఓడ స్తంభాన్ని కొట్టింది, వంతెన విరిగింది, కార్లు నీళ్లలో పడ్డాయి, అప్పటినుంచి పెద్ద ఓడ కింద దూరుతుందంటే పైన అంతా ఆగాల్సిందే. కొట్టింది ఓడే అయినా ఆగేది బస్సు. తప్పు ఒకరిది, ఆగేది ఇంకొకరు. మెరన్ ఆ ఆలోచనని అక్కడే తుంచేసింది. అది ఎటు పోతుందో ఆమెకు తెలుసు, అటు పోవడానికి టైమ్ లేదు. కోటు జేబుల్లో చేతులు పెట్టుకుంది, మళ్లీ తీసింది, ఒళ్లో కంప్యూటర్ తెరిచింది. పోలీసు పని మొదలెట్టాలి. ముందు లూసియా. పొద్దున్న ఐదూ నలభైకి ఆ పిల్ల పంపిన సందేశం ఫోన్లో ఇంకా వెలుగుతోంది: డాక్టర్ మెరన్, తప్పు నాదే, నన్ను క్షమించండి, గ్రేమ్ గారి ఉత్తరంలో ఉన్నది నాకు సమ్మతమే. ఐదూ నలభైకి. రాత్రంతా కూర్చుని ఉంటుంది. సమ్మతమే అట. ఎవరి తప్పో వెతకకుండా తలొంచేయడం ఎక్కడ నేర్చుకుందో, సొంత దేశం టోంగాలోనా, ఇక్కడా. నేరం ఒప్పుకున్నవాణ్ణి ముందు అనుమానించాలి, ఒప్పుకున్నంత మాత్రాన చేసినట్టు కాదు. ప్రోగ్రాం పుట్టించిన అసలు జాబితా ఒక కిటికీలో, లూసియా టైపు చేసిన పట్టిక పక్క కిటికీలో. వేలు పెట్టి ఒక్కో గుర్తూ చూసుకుంటూ వచ్చింది. పదిహేడు. ఎక్స్‌ని ఎక్స్‌తో బ్రాకెట్లో పెడితే ఏ. ఏని ఎక్స్‌తో పెడితే వై. బీ వచ్చి ఎక్స్‌ని ఒకటితో, ఏని రెండుతో, వైని మూడుతో గుణిస్తుంది. ఇటూ అదే, అటూ అదే. చుక్క తేడా లేదు. మిగతా వరుసలూ చూసింది, అన్నీ. లూసియా చేతులు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ప్రోగ్రాం ఇచ్చింది ఇచ్చినట్టు దించింది. గ్రేమ్ మూడో వాక్యం అబద్ధం. తెలిసి రాశాడా, తెలియకా?

ఒకటి, రెండు, మూడు. ఎంత ముద్దొచ్చిందో ఆ వరుస మొదటిసారి తెరమీద కనిపించినప్పుడు. మిగతావన్నీ అడ్డదిడ్డంగా భిన్నాలూ రుణ గుర్తులూ వేసుకుని వస్తే ఇదొక్కటీ తల దువ్వుకుని వచ్చినట్టు వచ్చింది. లూసియా థీసిస్ నాలుగో అధ్యాయం మొత్తం దీనిమీద కట్టమని చెప్పింది తనే. అందంగా ఉందని. అందంగా ఉన్న అచ్చు వేస్తే డబ్బా అందంగా ఉంటుందని. కాదు, అది వద్దు, అటు కాదు. ఇది వేరే. యాపిల్ షెడ్డు గురించి అనుకోవాలంటే అమ్మ నేర్పిన మంచి మాట అనుకోవచ్చు: తిప్పి చూడు. ఫ్రాంక్లిన్ ఊళ్లో హువాన్ నది ఒడ్డున అమ్మ పనిచేసిన ఆ రేకుల షెడ్డు, బెల్టుమీద దొర్లుకుంటూ వచ్చే పళ్లు, అమ్మ వేళ్లు వాటిని అరచుట్టు తిప్పి ఒకదాన్ని ఎడమకి, ఒకదాన్ని కుడికి తోసేయడం. ఇటునుంచి ఎర్రగా, అటునుంచి పచ్చగా ఉన్నంత మాత్రాన రెండు పళ్లు కాదే, ఒకటే పండు, తిప్పి చూడు. పాతికేళ్ల తరవాత మెరన్ చేసిన పని సరిగ్గా అదే. రెండు ఆల్జీబ్రాలు వేరుగా కనిపిస్తాయి, గుర్తుల్ని కొంచెం తిప్పితే ఒకటే అని తేలుతుంది, ఒకటి కొట్టేయ్, ముందుకు పో. తిప్పి చూడటంలో ఆమెని మించినవాళ్లు లేరని గ్రేమ్ అందరి ముందూ అనేవాడు. పండో కాదో చూడటం మాత్రం వేరే పని. మైనం పండుని ఎంత తిప్పినా అది మైనమే.

వంతెన కింద ఓడ పొగగొట్టం మెల్లగా జారుతోంది, దాని వెనక కొండ, కొండ మీద నిన్నటి మంచు. తొమ్మిదీ పన్నెండు. పండో కాదో తేల్చే పరీక్ష ఒకటే, జాకోబీ పరీక్ష. ముగ్గురిని పిలు, ఎవరిని ముందు కలిపినా చివరికి లెక్క సరిపోతుందా చూడు. మామూలు ఆల్జీబ్రాలో హాయి. ఎవరైనా తనతో తాను కలిస్తే సున్నా, కాబట్టి వేరువేరు ముగ్గుర్ని పిలిస్తే చాలు, ఒకే మనిషిని రెండుసార్లు పిలిచే పని లేదు. సూపర్ అనేసరికి సగంమంది బేసివాళ్లు వస్తారు. బేసివాడు తనతో తాను కలిసినా ఏదో పుడుతుంది. ఎక్స్, ఎక్స్‌తో కలిస్తే ఏ పుట్టినట్టు. అందుకే ఒకే బేసివాణ్ణి రెండుసార్లు, మూడుసార్లు కూడా పిలవాలి. పదిహేడోది ఏ ముగ్గుర్ని పిలిచినా నవ్వుతూ వచ్చి నెగ్గుతుంది. ఎక్స్, ఎక్స్, ఎక్స్ అని మూడుసార్లూ ఒక్కణ్ణే పిలిస్తే మాత్రం సున్నా రావాల్సిన చోట వై వస్తుంది. అంతే. దొంగ దొరికే చోటు అదొక్కటే, ఆ ఒక్క చోటా ఎవరూ పిలవలేదు. ప్రోగ్రాం ఎందుకు పిలవలేదు?

ఫైల్ తెరిచింది. గ్రేమ్ రాసిన పాత ప్రోగ్రాం, అతని రాతే, కామాల తరవాత ఖాళీ వదలని పిసినారి రాత. వేరువేరు ముగ్గుర్ని అడుగు. దానికింద లూసియా కలిపిన వరుసలు, శుభ్రంగా, ఇద్దరు ఒకటైతే అడుగు. దానికింద ముగ్గురూ ఒకటైతే, దాటిపో. ఆ వరుస పక్కన లూసియా తన కోసం రాసుకున్న చిన్న గమనిక: మూడూ ఒకటే అయితే అవసరం లేదన్నారు, మార్చి పన్నెండు. మెరన్ వీపు నిటారుగా అయింది. అన్నారట. ఎవరన్నారు? ఆ పిల్లకి అనుమానం వచ్చింది, అడిగింది, ఎవరో వద్దన్నారు. వద్దని చెప్పే హక్కు ఉన్నవాడు ఆ విభాగం మేడలో ఒక్కడే. ఇరవై రెండేళ్లుగా మెరన్‌కి ఇది వద్దు, అది వద్దు అని చెప్పినవాడు. ఇప్పుడు తన తప్పుని ఒక పిల్ల నెత్తిన పెట్టి సంతకానికి పంపినవాడు. కోపం వచ్చింది, వేడిగా, హాయిగా, దాన్ని ఆపుకోవాలనిపించలేదు. నాకు లెక్కలు నేర్పావు, పత్రికల రెఫరీలతో పోట్లాడటం నేర్పావు, నా పెళ్లి విడిపోయిన ఏడాది ప్రతి ఆదివారం చేపలు పట్టడానికి బలవంతంగా తీసుకెళ్లావు, అయినా సరే పదింటికి అందరిముందు నీ పేరు చెప్తాను గ్రేమ్. బస్సు ఒక్క కుదుపుతో కదిలింది. నీళ్లు వంతెన కమ్మీల మధ్య తెల్లగా మెరుస్తూ వెనక్కి పరిగెత్తాయి. ఆమె ఫోన్ తీసింది.

"ఎక్కడ చచ్చావే అమ్మాయ్?" గ్రేమ్ నోట్లో ఏదో నములుతున్నాడు. "విభాగాధిపతి అప్పుడే టై కట్టుకుని తిరుగుతున్నాడు. టై కట్టాడంటే ఎవరో ఒకరు చచ్చినట్టే."

"నువ్వేం తింటున్నావ్?"

"పై. ఆల్చిప్పల మాంసం కూరి కాల్చిన స్కాలప్ పై. ఉరితీసేముందు మంచి భోజనం పెట్టాలి కదా."

"గ్రేమ్, మార్చి పన్నెండున నువ్వెక్కడున్నావ్?"

"ఏంటిది, విచారణా? లాయర్ని పిలవనా?" నవ్వాడు, ఆమె నవ్వలేదు, అతను గొంతు సర్దుకున్నాడు. "మార్చి అంటే... మోకాలు కోయించుకుని ఆస్పత్రి మంచం మీదున్నాను కదే. నెలంతా. నువ్వే కదా పదకొండున వచ్చి నా మంచం పక్కన కూర్చుని నా పై నువ్వే తినేశావ్."

"విభాగం నుంచి ఎవరైనా ఫోన్ చేశారా? లూసియా ఏమైనా అడిగిందా?"

"నేను మత్తుమందులో ఉన్నాను తల్లీ. రెండూ రెండూ ఎంతంటే కూడా నర్సుని అడిగేవాణ్ణి. ఎందుకు?"

"ఉత్తరంలో ఆ వాక్యం ఎందుకు రాశావ్?"

ప్లేటు పక్కకి తోసిన చప్పుడైంది. "నిన్న రాత్రి ఆ పిల్లే ఫోన్ చేసి తనదే తప్పంది. నేను నమ్మాను. నమ్మడం తేలిగ్గా ఉండింది. నాకు డెబ్బై ఒక్కేళ్లు మెరన్, తేలికైనవే నమ్ముతున్నాను ఈమధ్య."

ఫోన్ పెట్టేసింది. గ్రేమ్ కాదు. మోకాలు, మంచం, నర్సు, అన్నీ సాక్ష్యాలే. లూసియా కాదు. ప్రోగ్రాం తనంతట తను ఏదీ దాటదు, దాటమంటేనే దాటుతుంది. ఆ మేడలో ఆ మాట చెప్పగలిగినవాళ్లు ఇంకెవరు? ఊళ్లోకి వచ్చిన బస్సు దిగింది, విశ్వవిద్యాలయం ఉన్న సాండీ బే వెళ్లేది ఎక్కింది, కిటికీ పక్కన కూర్చుంది, ఇవేవీ ఆమె చేసినట్టు లేదు, కాళ్లే చేశాయి. ఇద్దరిద్దర్ని కలిపి చూసింది: లూసియాతో గ్రేమ్, గ్రేమ్‌తో ప్రోగ్రాం, లూసియాతో ప్రోగ్రాం. ముగ్గుర్నీ కలిపి చూసింది. అన్నిచోట్లా లెక్క సరిపోతోంది, ఎవరూ దొరకడం లేదు. మార్చి పన్నెండు. మార్చిలో ఏముంది? యాపిళ్ల కాలం. ఎప్పుడూ మార్చే. మార్చిలోనే ఆ షెడ్డు, ఆ తొమ్మిదేళ్ల వయసు, ఆ నల్ల సిరా. వద్దు. సరే, టీ గదిలో మార్చి ఎలా ఉంటుంది? కిటికీ తెరిచి ఉంటుంది, నీళ్లు మరిగే డబ్బా బుసకొడుతుంటుంది, ఎవరో ఏదో తెస్తారు. లూసియా ఆరోజు లూ తెచ్చింది. చేమాకుల్లో మాంసం, కొబ్బరిపాలు పోసి చుట్టి ఉడికించినది, రేకు విప్పగానే గదంతా వాసన. అమ్మ పుట్టినరోజు అంది లూసియా, వాళ్ల అమ్మది, టోంగాలో, నుకుఅలోఫాలో. అవును, మార్చి. అందరూ చేతులతోనే తిన్నారు. మెరన్ వేళ్లు జిడ్డుగా ఉన్నాయి, తుడుచుకోవడానికి ఏమీ లేక బల్ల మీద పాత ప్రింట్ కాగితానికి తుడిచింది. ఎందుకు గుర్తుంది అది? ఎందుకంటే అది లూసియా కాగితం. ఆ పిల్ల దాన్ని పట్టుకుని నిలబడి ఉంది. ఏదో అడగడానికి వచ్చింది.

ఆ పిల్ల ఎప్పుడూ నేరుగా అడగదు. ముందు కుర్చీ సర్దుతుంది, కప్పు కడిగి పెడుతుంది. డాక్టర్ మెరన్, మీకు టైమ్ ఉంటే. ఒకే బేసి గుర్తు మూడుసార్లు వస్తే, దాన్ని కూడా పరీక్ష పెట్టాలా? నోట్లో కొబ్బరిపాల తీపి. మెరన్ అలా చెయ్యి ఊపింది. ఊపిన చెయ్యి ఇప్పుడు కళ్లముందు కనిపిస్తోంది, వేళ్లకి అంటుకున్న ఆకు ముక్కతో సహా. అక్కర్లేదు తల్లీ, అది ఎప్పుడూ సున్నాయే, పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంటుంది. నిజం. పూర్తిగా నిజం. ఏ అసలైన సూపర్ ఆల్జీబ్రాలోనైనా అది ఎప్పుడూ సున్నాయే. అసలైనదో కాదో తేల్చడానికే కదా పరీక్ష. దొంగ ఎవరో తెలుసుకోవడానికి నిలబెట్టిన వరుసలో, ఇతను మర్యాదస్తుడు, మర్యాదస్తులు దొంగతనం చెయ్యరు, వెతకక్కర్లేదు అన్నట్టు. ఈ పని చేతకానివాళ్లు చేసే తప్పు కాదిది. ఆ సంగతి తెలియనివాడు పరీక్ష పెట్టి ఉండేవాడు. బాగా తెలిసినవాళ్లే, మొదటి పేజీ కంఠస్థం వచ్చినవాళ్లే చెయ్యగలరు. లూసియా ఒక్క క్షణం ఆగింది. అవును, ఆగింది, నోరు తెరిచింది, కానీ అని అనబోయింది. తరవాత కాగితం మడిచింది, జిడ్డు మరక లోపలికి వచ్చేట్టు. సరే డాక్టర్ మెరన్ అంది. కప్పులు కడిగింది. ఆ పిల్లకి తెలుసు. మార్చి పన్నెండునుంచి తెలుసు. ఐదూ నలభైకి కూడా తెలుసు.

ఇక ఆపడానికి లేదు. షెడ్డు వచ్చేసింది. ఫ్రాంక్లిన్, తొమ్మిదేళ్లు, బడి అయ్యాక అమ్మ పని ముగిసేదాకా డబ్బాల మధ్య ఆడుకోవడం. గోడకి వేలాడే జింకు రేకు అచ్చులు, ఒక్కోదాంట్లో ఒక్కో మాట చెక్కి ఉంటుంది, ఏ రకం, ఎన్ని పళ్లు, ఏ తరగతి. అన్నిటికంటే పైతరగతి అచ్చు అందంగా ఉండేది, అక్షరాల తోకలు మెలిదిరిగి. ఎవరూ చూడకుండా కుంచె సిరాలో ముంచి ఆ అచ్చు వేసింది. ఒక డబ్బా మీద, బాగుంది, ఇంకోదాని మీద, నలభై డబ్బాల మీద. అవన్నీ రసానికి పోవాల్సిన మచ్చల పళ్లు. రేవులో లారీ లోడు మొత్తం తిప్పి పంపారు. మర్నాడు ఫోర్‌మన్ ఆడవాళ్లందర్నీ బెల్టు పక్కన నిలబెట్టాడు. ఎవరు వేశారు? మెరన్ అమ్మ వెనకాల నిలబడి ఉంది, చేతులు గౌను జేబుల్లో, పదివేళ్లూ నల్లగా. అమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. నేనే అంది. ఆ సాయంత్రమే పని పోయింది. ఇంటికి వచ్చి కిరసనాయిలు గుడ్డతో ఒక్కో వేలూ తుడిచింది, గోరు సందులు కూడా, ఒక్క మాట అడగలేదు. ఆరేళ్ల కిందట అమ్మ పోయేదాకా మెరన్ చెప్పలేదు. నీకు తెలుసని నాకు తెలుసమ్మా అని ఒక్క వాక్యం. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. అన్నిటినీ తిప్పి చూసింది ఈ ముప్పై అయిదేళ్లలో. ఈ ఒక్కదాన్నే తిప్పలేదు.

బస్సు దిగింది. తొమ్మిదీ నలభై ఎనిమిది. విభాగం దాకా ఎత్తు ఎక్కాలి, ఎక్కింది, దాదాపు పరిగెత్తింది. ఊపిరి అందకపోయినా ఆలోచన మాత్రం మంచు నీళ్లలా తేటగా ఉంది. ఇందులో ఏడవాల్సిందేమీ లేదు, చెయ్యాల్సినవి ఉన్నాయి. పట్టిక వెనక్కి తీసుకోవాలి, మూడుసార్లు ఒకటే పరీక్ష పెట్టి అన్ని వరుసలూ మళ్లీ నడపాలి, పదిహేడోది పోతే ఇంకేమైనా పోతాయేమో చూడాలి. లూసియా నాలుగో అధ్యాయం పోతుంది, పోనీ, ఆ పరీక్ష ఎందుకు కావాలో చెప్పే కొత్త అధ్యాయం ఆ పిల్లే రాస్తుంది, ఆ పిల్లే రాయాలి. తబ్రీజ్ కుర్రవాడికి కృతజ్ఞతలు రాయాలి. సువాకి ఫోన్ చెయ్యాలి, ఈ రోజే, భోజనం లోపే. తన మాటకి ఇక విలువెంత అంటారేమో. అననీ.

గదిలో ముగ్గురున్నారు. విభాగాధిపతి నిజంగానే టై కట్టాడు, కలం మూత తీసి పెట్టుకున్నాడు. గ్రేమ్ మోకాలు చాపి కూర్చున్నాడు, చొక్కా మీద పై ముక్కలు. లూసియా గుమ్మం దగ్గర కుర్చీలో, నడుముకి తావొవాలా చాప చుట్టుకుని ఉంది. టోంగాలో చర్చికో పెద్దల ముందుకో వెళ్లేటప్పుడు కట్టుకునేది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, వీపు నిటారుగా ఉంది. తప్పు ఒప్పుకోవడానికి సిద్ధమై వచ్చింది.

"రా మెరన్," అన్నాడు విభాగాధిపతి. "త్వరగా తేల్చేద్దాం. లూసియా ఏదో చెప్తానంటోంది."

"అవును సర్," లూసియా లేచింది. "ఈ తప్పు..."

"కూర్చో లూసియా."

"డాక్టర్ మెరన్, దయచేసి, నేను చెప్పేస్తాను, మీరు..."

"కూర్చో తల్లీ. ఒకసారి సరే అన్నావ్, చాలు."

గ్రేమ్ తలెత్తి చూశాడు. మార్చి పన్నెండు ఎందుకడిగిందో ఆ ముసలి మొహంలో మెల్లగా తెలుస్తోంది, వద్దన్నట్టు తల ఊపాడు, చిన్నగా, ఎన్నో సెమినార్లలో ఆమెని కాపాడినట్టు. లూసియా కూర్చోలేదు, నిలబడి రెండు చేతులూ చాప అంచుని పట్టుకుంది. మెరన్ తన చేతులు మళ్లీ కోటు జేబుల్లోకి వెళ్లాయని గమనించింది. రెండూ బయటికి తీసింది. బల్ల మీద, ఆ ఉత్తరం పక్కన, వేళ్లు విప్పి అందరికీ కనిపించేట్టు పెట్టింది.

"మూడో వాక్యం కొట్టేయండి," అంది. "లూసియా ఎక్కించిన పట్టికలో ఒక్క గుర్తు కూడా తప్పు లేదు, పొద్దున్న అంతా సరిచూశాను. గ్రేమ్ ఆ రోజు ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ పరీక్ష పెట్టాలా అని లూసియా అడిగింది, మార్చి పన్నెండున, టీ గదిలో, అడగాల్సినట్టే అడిగింది. అక్కర్లేదని చెప్పినవాళ్ల పేరు రాసుకోండి."

విభాగాధిపతి కలం కాగితం మీద ఆగింది. "ఎవరు?"

"మెరన్ ఓల్డకర్."